కలకత్తాకి పట్టుకెళ్ళిన హల్వా

మా వైపు ఒక ఆచారం ఉంది. దేశాంతరం పోయినవాడి జాడ పన్నెండేళ్ళపాటు తెలియకపోతే వాడు చచ్చిపోయినట్టే లెక్క. దర్భలతో మనిషి బొమ్మ కట్టి, శ్మశానానికి తీసుకెళ్ళి నిప్పంటించి, మైల పట్టి, పదిరోజుల కర్మా జరిపించేస్తారు. ఆ తరవాత వాడు నిజంగానే వచ్చి గుమ్మంలో నిలబడినా లోపలికి రానివ్వరు. వాడికి అప్పుడే పుట్టినవాడికి చేసినట్టు పురుడు దగ్గర్నుంచి అన్నీ మళ్ళీ జరగాలి. పన్నెండేళ్ళు లెక్కపెట్టేది ఇల్లు విడిచిన రోజునుంచి కాదు, ఆఖరి కబురు అందిన రోజునుంచి. మా అన్నయ్య విషయంలో ఆ ఆఖరి కబురు ఒక కార్డు. నలభైమూడులో నాగులచవితి వెళ్ళిన నాలుగోరోజున అది చోడవరంలో మా ఇంటికి వచ్చింది. కాబట్టి యాభైఅయిదు కార్తీకానికి మా అన్నయ్య గడువు తీరిపోయింది.

మా అమ్మ మాత్రం ఈ లెక్క ఒప్పుకోలేదు. ఆవిడ వాదన ఆవిడకుంది. పెద్దకొడుక్కి అక్షరం ముక్క రాదు. కలకత్తాలో ఉన్నన్నాళ్ళూ అతని ఉత్తరాలు నేనే రాసిపెట్టేవాణ్ణి. నేను వచ్చేశాక రాసిపెట్టే దిక్కు లేదు. రాసేవాడే లేనప్పుడు ఉత్తరమెలా వస్తుంది, ఉత్తరం రానంతమాత్రాన మనిషి లేడని ఎలా అంటారు అని అడిగేది.   ఆ మాట ఎటు తిప్పినా చివరికి నా మీదికే వచ్చేది, ఎందుకంటే అన్నయ్యని అక్కడ వదిలేసి వచ్చినవాణ్ణి నేనే.

మా వదిన ఈ వాదనల్లో దేంట్లోనూ కలగజేసుకునేది కాదు. అన్నయ్యతో ఆవిడ చేసిన కాపరం మొత్తం పద్నాలుగు నెలలు. ఆ తరవాత అతను జూట్ మిల్లుకి మనుషుల్ని పోగుచేసే సర్దారు వెంట రైలెక్కేశాడు. పిల్లలు లేరు. పదహారేళ్ళ వయసులో మా ఇంట్లో అలా మిగిలిపోయిన మనిషి, ముప్పై దాటేదాకా మా గేదెల్నీ, మా చెరుకునీ, మా అమ్మ కీళ్ళనొప్పుల్నీ చూసుకుంటూ ఉండిపోయింది. పొద్దున్నే పెరట్లో గోడకి వేలాడే చిన్న అద్దం ముందు నిలబడి బొట్టు పెట్టుకునేది. నాకు ఆ బొట్టొక్కటే కనబడేది. దర్భబొమ్మ కాలిన పదోరోజున ఆ బొట్టు తుడిచేస్తారు, గాజులు పగలగొట్టేస్తారు అన్న ఆలోచనే నా బుర్రలో తిరిగేది. నాలుగు పుస్తకాలు చదివిన బడిపంతుల్ని, పెద్ద పట్నంలో మూడేళ్ళు ఉండి వచ్చినవాణ్ణి. ఆడవాళ్ళ కష్టం నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదన్న ధీమా ఒకటి ఉండేది నాకు.

మా నాన్న అప్పటికే లేడు. పెద్దదిక్కు మా మేనమామే. బొమ్మ కట్టేముందు ఎవరో ఒకరు కలకత్తా వెళ్ళి ఒకసారి చూసి రావడం ధర్మం అన్నాడు ఆయన. ఆ సందులు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. డిసెంబరు సెలవుల్లో వెళ్ళి రమ్మన్నారు. నేను రాగానే మాఘంలో మంచిరోజో చెడ్డరోజో చూసి కర్మ జరిపించేయాలని అనుకున్నారు.

అమ్మ మాడుగులకి మనిషిని పంపించి హల్వా తెప్పించింది. అన్నయ్యకి ఆ హల్వా అంటే ప్రాణం. దాన్ని ఒక రేకుడబ్బాలో పెట్టి, మూత చుట్టూ పాత చీరపేలిక కట్టి, నా సంచిలో తనే సర్దింది. కనబడితే ఇవ్వు, కనబడకపోతే తిరిగి పట్టుకొచ్చేయ్ అంది. నేను సరేనన్నాను. అందులో అంత ఆలోచించాల్సిందేమిటో నాకప్పుడు తోచలేదు.

బస్సుదాకా వదిన వచ్చింది. చెరుకు బళ్ళ వెనక అనకాపల్లి బస్సు వచ్చి ఆగింది.  తీరా నేను ఎక్కబోతుంటే కొంగు సవరించుకుని, ఒక్క మాట అంది.

"ఉన్నాడంటే ఉన్నాడని సెప్పు బాబూ, లేడంటే లేడని సెప్పు. నా మొకం సూసి మాట మార్సకు."

ఎంత గుండెనిబ్బరం ఈవిడకి అనుకున్నాను. నా కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. నా మొహం మండ.

నేను మొదటిసారి కలకత్తా వెళ్ళింది నలభైలో. థర్డు ఫారం తప్పి ఇంట్లో తిట్లు తింటూ ఉంటే అన్నయ్యే కబురుపెట్టి రప్పించుకున్నాడు. మిల్లు హౌరాకి ఎగువన, నది ఒడ్డున. మా వాళ్ళందరూ ఆ నదిని గంగే అనేవాళ్ళు. మిల్లు వెనక కూలీల లైన్లు, ఒకే కప్పు కింద ఇరవై గదులు, గదికి అయిదుగురం. మా లైను నిండా మన దేశంవాళ్ళే ఉండేవారు. శ్రీకాకుళం, బొబ్బిలి, అనకాపల్లి, రావికమతం నుంచి వచ్చినవాళ్ళు. నాకు కుట్టిన గోనెసంచుల మీద ముద్ర వేసే పని ఇచ్చారు. జనుము నూగు తలలో, కనుబొమల్లో, తినే అన్నంలో ఉండేది. ఆ నూనె కంపు ఒంటినుంచి వదిలేది కాదు.

కానీ లైన్లో నా పరపతి ముద్రల వల్ల వచ్చింది కాదు. తెలుగు రాయడం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆదివారంనాడు గుమ్మంలో పీట వేసుకుని కూచుంటే మనుషులు వరసకట్టేవారు. వాళ్ళు చెప్పేవారు, నేను రాసేవాణ్ణి. మొదట్లో చెప్పింది చెప్పినట్టే రాశాను. తరవాత్తరవాత నాకు జాలిగుణం పట్టుకుంది. రావికమతం వైపు మనిషొకడికి యంత్రంలో పడి రెండు వేళ్ళు పోయాయి. అతను ఏడుస్తూ చెబితే నేను "చేతికి స్వల్ప గాయము, ఇప్పుడు నయముగా ఉన్నది" అని రాశాను. మూడు నెలలుగా విరోచనాలతో లేవలేనివాడి ఉత్తరంలో నీళ్ళు పడలేదని రాశాను. పెళ్ళాన్ని బూతులు తిడుతూ చెప్పినవాడి ఉత్తరం మీ ఆరోగ్యం జాగ్రత్త అని ముగించాను. జవాబులు వస్తే చదివి వినిపించేది కూడా నేనే కాబట్టి అటునుంచి వచ్చే చావు కబుర్లని కూడా కాస్త మెత్తబరిచేవాణ్ణి. నా చేతిమీదుగా వెళ్ళిన ఉత్తరాల్లో మా లైనుకంతటికీ ఎవరికీ పెద్ద జబ్బు చెయ్యలేదు, ఎవరూ ఏడవలేదు. అది పుణ్యమనే అనుకున్నాను.

మా అన్నయ్యకీ అదే చేశాను. నలభైరెండు వానల్లో ఒక ఆదివారం అతను నా పక్కన కూచుని వదినకి ఉత్తరం రాయమన్నాడు. చాలాసేపు బీడీ కాల్చి, చివరికి చెప్పాడు.

"నానెప్పుడొస్తానో నాకే తెలవదు. దానికిష్టమైతే పుట్టింటికి పోయి, దాని దారి సూసుకోమను. నానేటీ అనుకోను."

నాకు ఒళ్ళు మండింది. ఇదేం మాట, పెళ్ళాంతో చెప్పే మాటేనా అని మనసులోనే అనుకుని, "త్వరలో వస్తాను, ధైర్యముగా ఉండవలెను" అని రాసి కార్డు పక్కన పెట్టేశాను. రాసింది చదివి వినిపించమని అతను ఎప్పుడూ అడగలేదు. నన్ను అంత నమ్మాడు.

ఆ ఏడాది చివర కలకత్తా మీద జపానువాళ్ళ బాంబులు పడ్డాయి. ఊరంతా మూటలు కట్టుకుని స్టేషన్లమీద పడింది. అన్నయ్య నన్ను రైలు కిటికీలోంచి లోపలికి తోశాడు. ఇద్దరం వెళ్ళిపోతే గదీ పోతుంది పనీ పోతుంది, నువ్వు పో, నేను వెనకాల వస్తానన్నాడు. నేను పోనని ఒక్కసారైనా అనలేదు. భయంతో నా పళ్ళు కొట్టుకుంటున్నాయి. నీళ్ళచెంబు గదిలో మరిచిపోయి వచ్చినందుకు అతను నన్ను ప్లాట్‌ఫారం మీదనుంచి తిడుతూ ఉంటే రైలు కదిలింది. మరుసటేడు ఆ కార్డు వచ్చింది. ఎవరో వంకర అక్షరాలతో రాశారు. బియ్యం దొరకడం లేదు, నేను బాగానే ఉన్నాను, ఇక్కడ రాసేవాళ్ళు లేరు, తమ్ముడుంటే బాగుణ్ణు. అంతే.

పదమూడేళ్ళ తరవాత హౌరాలో దిగాను. స్టేషను బయటికి రాగానే నేనెరిగిన పడవల వంతెన లేదు. దాని బదులు ఆకాశంలోకి లేచిన ఇనపవంతెన ఉంది. మేమున్న రోజుల్లో అది కడుతూ ఉండేవారు. ఇదయ్యేక దీనిమీద ఒకసారి నడిచి, అప్పుడు మనూరెళ్ళిపోదాం అనేవాడు అన్నయ్య. నేను దాని మీద ఆ ఒడ్డుకి నడిచి మళ్ళీ ఈ ఒడ్డుకి వచ్చాను. చేతిలో సంచి, సంచిలో హల్వా. జనం తోసుకుని పోతున్నారు. వాళ్ళలో పొడుగాటి మనిషి కనబడినప్పుడల్లా మొహంలోకి చూశాను. ఆ ఊళ్ళో పొడుగాటివాళ్ళు చాలామందే ఉన్నారు. మధ్యాహ్నానికి నా మీద నాకే విసుగొచ్చింది.

ఒకప్పుడు బతికిన ఊరు మనల్ని గుర్తుపట్టనక్కరలేదు, కనీసం మనమైనా దాన్ని గుర్తుపట్టాలి కదా. నాకు అదీ కుదరలేదు. ట్రాముల గంటలు అవే, నది మీది బురదవాసన అదే, కానీ నేను తిరగాల్సిన మలుపు దగ్గర మలుపు లేదు. మరిచిపోయిన హిందుస్తానీని కూడగట్టుకుని దారి అడిగితే, వాళ్ళు చెప్పింది నాకు అర్థం కాలేదు, నేను అడిగింది వాళ్ళకీ అర్థం కాలేదు. చివరికి మిల్లు కూత వినబడి, చెవి చెప్పినదాన్నిబట్టి నడిచాను. ఆ కూత ఒక్కటే మారలేదు.

మిల్లు ఆఫీసులో గుమాస్తా మర్యాదస్తుడు. యుద్ధంనాటి రిజిస్టర్లు వరదనీళ్ళలో పోయాయని చెప్పి నన్ను కూచోబెట్టి టీ ఇప్పించాడు. లైన్లు ఇంకా ఉన్నాయి. చివరినుంచి మూడో గది మాది. తలుపు తీసినావిడ సరిహద్దు అవతల ఇల్లూ వాకిలీ వదులుకుని వచ్చిన బెంగాలీ మనిషి. నేను అన్నని వెతుక్కుంటూ వచ్చానని సగం మాటల్తో సగం చేతుల్తో చెబితే, ఆవిడ నన్ను లోపలికి పిలిచింది. నలువైపులా చూసుకోనిచ్చింది. కొత్త సున్నం వేశారు. మేము పక్కలు వేసుకునే చోట ఒక కుట్టుమిషను ఉంది. నేను తిరిగి వచ్చేస్తుంటే ఆవిడ గుమ్మందాకా వచ్చి, తన మరిది ఎత్తు ఎంతో, ఏ చెంప మీద పుట్టుమచ్చ ఉంటుందో నాకు చెప్పడం మొదలుపెట్టింది. అతను దారిలో తప్పిపోయాడట. ఎక్కడైనా కనబడితే ఈ గదికి పంపించమంది. తలూపాను. అంతకన్నా ఏం చెయ్యను? గుడ్డివాణ్ణి దారి అడిగినట్టుంది మా ఇద్దరి పని.

లైను చివర పూటకూళ్ళామె ఇంకా ఉంది. ఆవిడ శ్రీకాకుళం అవతలి మనిషి. మొగుడు మిల్లులో చచ్చిపోతే అక్కడే అన్నం వండిపెట్టి బతికేది. ఇప్పుడు నడుం వంగిపోయి, చూపు మందగించింది. నన్ను గొంతునిబట్టే పోల్చుకుంది, ఉత్తరాల గుంటడివి కాదేటి అంది. మా అన్నయ్యని మాత్రం పోల్చుకోలేదు. ఎన్ని గుర్తులు చెప్పినా, నాలుగు వందలమందికి పెట్టేను బాబూ, ఎవుర్నని సెప్పను అంది. చివరికి నేను గది గుర్తు చెప్పాను. ఆవిడ ఆకు నములుతున్నదల్లా ఆపేసింది.

ఆ గదిలో నేను వచ్చేశాక అన్నయ్యతో కలిపి నలుగురున్నారు. కరువు వచ్చిన ఏడాది వాంతులూ విరోచనాలూ పట్టుకుని వారంరోజుల్లో ముగ్గురు పోయారని ఆవిడ చెప్పింది. పొద్దున్నే మునిసిపాలిటీ బండి వచ్చేదట, ఎత్తుకుపోయేదట, పేరు అడిగినవాడు లేడట, రాసినవాడు లేడట. నలుగురిలో మిగిలింది ఒక్కడు. అతను అస్సాం తేయాకు తోటలకి పోతున్నానని చెప్పి, ఆవిడ చేతి అన్నం తిని మరీ వెళ్ళాడు. అందుకని అతను గుర్తున్నాడు.

"ఎలాగుంటాడు?" అన్నాను. 

"పొట్టోడు బాబూ. మొకం నిండా మసూచి మచ్చలు. మెడ ఇలాగ వంకరగుండేది."

మా అన్నయ్య ఆరడుగుల మనిషి. మొహం నున్నగా ఉండేది. నేను ఇంకొకసారి అడిగాను. ఆవిడ ఇంకొకసారి అదే చెప్పింది. ఇంక అడగడానికేమీ లేదు. ఆవిడ గిన్నెలు తోముకోవడానికి లేచింది. నేను సంచి విప్పి హల్వా డబ్బా ఆవిడ చేతిలో పెట్టాను. ఎవరికోసం తెచ్చానో చెప్పలేదు. ఆవిడ పేలిక విప్పి, వేలితో కాస్త తీసుకుని, మాడుగులదేటి అని అడిగింది. ఇన్నేళ్ళయ్యేక తింటన్నానని కళ్ళు తుడుచుకుంది. కనీసం ఎవరో ఒకరు తిన్నారు కదా అనుకున్నాను.

అక్కణ్ణుంచి నేరుగా నది రేవుకి వెళ్ళి తలమీదనుంచి మునిగాను. నువ్వులు లేవు, దర్భ లేదు, మంత్రం రాదు. మూడు దోసిళ్ళు నీళ్ళు వదిలాను. అన్నయ్యా అని పైకే అన్నాను. పక్కన గేదెల్ని కడుగుతున్నవాడు నా వైపు చూసి మళ్ళీ తన పని తాను చూసుకున్నాడు. అంటే అన్నయ్య లేడని నాకు తెలుసు. ఏమీ అనుమానం లేకుండా తెలుసు. ఇది ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, తెలియక చేశాను అనుకునే అవకాశం నాకు మీరు ఇవ్వకూడదు.

రైల్లో వచ్చేటప్పుడు చెప్పవలసిన మాటలన్నీ వరసగా పేర్చుకున్నాను. అనకాపల్లిలో దిగి బస్సెక్కేవేళకి ఆ మాటలు నోటికొచ్చేశాయి. ఇంటికి చేరేసరికి మధ్యాహ్నమైంది. అరుగుమీద మేనమామ, కర్మ చేయించే పంతులుగారు కూచుని ఉన్నారు. పంతులుగారి ఒళ్ళో పంచాంగం. వదిన కాళ్ళకి నీళ్ళచెంబు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. అమ్మ నా మొహం వైపు చూడలేదు. నా సంచి లాక్కుని తడిమింది.

"హల్వా డబ్బా ఏదిరా?"

కనబడితే ఇవ్వు, కనబడకపోతే తిరిగి పట్టుకురా అంది కదా ఆవిడ. ఆ సంగతి నాకు ఆ నిమిషందాకా గుర్తులేదు. సంచిలో డబ్బా లేదు. అమ్మ తలెత్తి నన్ను చూసింది. ఆ మొహంలోకి ఏం వచ్చిందో నేను రాయలేను. పన్నెండేళ్ళుగా ఆ మొహంలో దాన్ని చూడలేదు.

"ఇచ్చేసేను" అన్నాను.

అది నిజమే. అక్కడ ఆపినా సరిపోయేది, తరవాతి ప్రశ్నకి నిజం చెప్పినా సరిపోయేది. కానీ నా నోరు పాత ఉద్యోగంలోకి వెళ్ళిపోయింది. అన్నయ్య అస్సాం తేయాకు తోటల్లో ఉన్నాడట, రెండేళ్ళ కిందట లైనుకి వచ్చి అందరినీ పలకరించి వెళ్ళాడట, అటు వెళ్ళే మనిషి ఒకడు దొరికితే డబ్బా అతని చేతికిచ్చాను అని చెప్పాను. పొట్టివాడి ప్రయాణాన్ని పొడుగువాడికి తగిలించాను. తడుముకోకుండా చెప్పాను. చెబుతూ వదిన బొట్టువైపు చూశాను. దీన్ని నేను కాపాడుతున్నాను అనుకున్నాను. వినాయకుణ్ణి చెయ్యబోతే కోతి అయిందంటారు. నేను చేసింది కోతి కూడా కాదు.

అమ్మ నేలమీద కూలబడి ఏడ్చింది. మేనమామ కళ్ళొత్తుకున్నాడు. పంతులుగారు పంచాంగం మూసేసి వేళ్ళమీద లెక్కపెట్టి, ఆఖరి కబురు రెండేళ్ళ కిందటిది కాబట్టి ఇంకా పదేళ్ళ గడువుంది, కర్మ మాటే ఎత్తకూడదు అన్నారు. వదిన నీళ్ళచెంబు నా కాళ్ళ దగ్గర పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

పదిహేను రోజుల తరవాత మా చెరుకు గానుగాడే వంతు వచ్చింది. పెనంలో చెరుకురసం మరుగుతోంది. వదిన పొయ్యిలోకి ఎండిన పిప్పి తోస్తోంది. మా ఆవిడా, మిగిలినవాళ్ళూ గానుగ దగ్గరున్నారు. పాకం చూడ్డానికి నేను పెనం దగ్గరికి వెళ్ళాను.

"హల్వా ఎవురికిచ్చేవు బాబూ?" అంది.

నేను అస్సాం మనిషి కథ మళ్ళీ మొదలుపెట్టాను. ఆవిడ పిప్పి తోయడం ఆపలేదు.

"నాను అత్తను కాదు. నాకు సెప్పు."

చెప్పాను. మూడు శవాలు, బండి, పొట్టివాడు, మసూచి మచ్చలు, రేవులో మూడు దోసిళ్ళు, ఏదీ దాచలేదు. అంతా విని, అయితే పోయేడు అంది. కొంగుతో మొహం తుడుచుకుంది. అది పొగకో దేనికో నాకు తెలియదు. పద్నాలుగు నెలల మొగుడికోసం ఎంత ఏడవాలో ఆవిడకే తెలియాలి. తరవాత తనే చెప్పింది. రావికమతంలో ఒకాయన ఉన్నాడు. భార్య పోయింది, ఇద్దరు చిన్నపిల్లలు, కొంచెం భూమి. వదిన తండ్రి కిందటి వేసవిలోనే మాట్లాడాడు. కులపెద్దలు ఒప్పుకున్నారు. ఈ కర్మ ఒక్కటి జరిగిపోతే వైశాఖంలో మారుమనువు.

మా కులంలో మొగుడు పోయిన ఆడమనిషికి మారుమనువు తప్పు కాదు. ఎప్పటినుంచో ఉన్నదే. మొగుడు బతికుండి విడాకు ఇచ్చినా చెల్లుతుంది. కనబడని మొగుడు విడాకూ ఇవ్వలేడు, చావనూ చావడు. అందుకే ఆవిడ పన్నెండేళ్ళు ఆగింది. ఈ సంగతి నాకు తెలియనిదా? చిన్నప్పటినుంచి నా చుట్టూ జరుగుతున్నదే. కానీ మూడు ఫారాలు చదివాక నేను పుస్తకాల్లోని వితంతువుల గురించి కన్నీళ్ళు కార్చడం నేర్చుకుని, మా ఇంట్లో మనిషిని వాళ్ళలో కలిపేశాను. రావికమతం సంగతి మా ఆవిడకి తెలుసు, అమ్మకి కూడా తెలుసు. నాకు ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే నేను ఎవరినీ అడగలేదు.

"పన్నెండేల్లు మోసేను" అంది వదిన. "నువ్వింకో పదేల్లు ఎత్తేవు, నెత్తిమీద. మాట మార్సకు అన్నాను కదా."

నేను ఇవాళే అందరిముందూ నిజం చెప్పేస్తానన్నాను. నలభైరెండులో అన్నయ్య చెప్పిన మాట, నేను రాయని మాట, అప్పుడే చెప్పేయాలనిపించింది. దాని దారి సూసుకోమను. గొంతుదాకా వచ్చింది. చెప్పలేదు. పాకం ముదురుతోందని వంకపెట్టి అటు తిరిగాను. ఆ మాట ఇప్పటికీ ఆవిడకి తెలియదు.

ఇంటికి వెళ్ళేసరికి అమ్మ అన్నం తింటోంది. రెండోసారి వడ్డించుకుని తింటోంది. పక్కింటావిడకి అస్సాం ఎటువైపో చేత్తో చూపిస్తోంది. రేపు చెబుదామనుకున్నాను. రేపు ఎల్లుండయింది. మాఘం వెళ్ళింది, ఫాల్గుణం వెళ్ళింది. రావికమతం ఆయనకి పిల్లల్ని చూసే దిక్కు కావాలి, పదేళ్ళు ఎవడాగుతాడు? చైత్రంలో వేరేచోట కుదుర్చుకున్నాడు. ఆ సంగతి తెలిసిన రోజున నాకు ధైర్యం వచ్చింది. ఇల్లు కాలాక నుయ్యి తవ్వే ధైర్యం. మేనమామ దగ్గరికి వెళ్ళి ఉన్నదంతా చెప్పాను. 

"ఇప్పుడు సెప్తే ఎవుడు నమ్ముతాడురా? వదిన మనువు కోసం అన్నని సంపేసేడంటారు. నోరు మూసుకో" అన్నాడు.

మూసుకున్నాను.

ఇది యాభైతొమ్మిది. వదిన తలలో తెల్లవెంట్రుకలు వచ్చాయి. నాతో అవసరమైన మాటలు మాట్లాడుతుంది. అన్నం పెడుతుంది. తిట్టలేదు, ఎప్పుడూ తిట్టలేదు. తిడితే బాగుండునని నేను కోరుకోని రోజు లేదు. రెండోసారి కలకత్తా వెళ్ళి నేను తెచ్చింది ఇదీ. నా అన్నని అక్కడ పోగొట్టుకుని, ఈవిడని ఇక్కడ కట్టేశాను. ఆ ఊరి పేరు ఎవరైనా ఎత్తితే నేను లేచి వెళ్ళిపోతాను.

కానీ నెలకోసారి దాన్ని తప్పించుకోవడం కుదరదు. పౌర్ణమి మర్నాడు అమ్మ నన్ను కార్డు తీసుకుని కూచోమంటుంది. అస్సాంలో కొడుక్కి ఉత్తరం. ఆవిడ చెబుతుంది, నేను రాస్తాను. గేదె ఈనింది, చెరుకు బాగుంది, నీ హల్వా అందిందా. పై చిరునామా నేనే కల్పించాను. ఆ కార్డుల్ని తపాలాపెట్టెలో వెయ్యను. బడికి పట్టుకెళ్ళి బీరువా అడుగున పెడతాను. ఇప్పటికి ముప్పై పైనే ఉంటాయి. జవాబు రాలేదేమని అమ్మ అడగదు. వాడికి రాసేవాళ్ళు లేరు కదా అని తనే అంటుంది.

పోయిన పౌర్ణమి మర్నాడు వదిన గుమ్మం పక్కన కూచుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. అమ్మకి ఏం తోచిందో, మొదటిసారి ఆవిడవైపు తిరిగి, నీ మొగుడికి నువ్వేటైనా రాయించుతావేటే అని అడిగింది. వదిన చేట కింద పెట్టింది. అమ్మని కాదు, నన్ను చూసింది.

"ఉన్నదే రాయమను" అంది.

నేను కలం పట్టుకుని కూచున్నాను. అమ్మ పక్కనే ఉంది, చదవమంటే చదివి వినిపించాలి. సిరా రెండుసార్లు ఆరిపోయింది. తరవాత రాశాను. ఇక్కడ అందరం క్షేమం. వదిన ధైర్యముగా ఉన్నది.